వంకాయరంగు చీరతో కర్నూలు ఆఫీసుకు

మొన్న మా వీధి చివరింటి పిల్ల వచ్చింది. ఏదో సేవాసంస్థలో ఉద్యోగం దొరికిందట, పల్లెల్లో ఇండ్లకు పోయి పేదవాళ్ళ బాగోగులు కనుక్కోవాలట. "అవ్వా, నువ్వూ ఇదే పని చేసినావంట గదా, ఎట్ల చేయాల్నో రోంత చెప్పు" అంది. చెప్పడం మొదలుపెడితే నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది, ఆ పిల్లకు బస్సు టైమైపోయింది. "రాసిపెట్టు అవ్వా, చదువుకుంటా" అని పరుగెత్తింది. సరే, రాస్తున్నాను. చదవకపోతే దాని ఖర్మ.

నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, నన్ను ఎక్కడి నుంచి ఎక్కడికి బదిలీ చేశారో ఇందులో ఉండదు. అవి నాకే సరిగా గుర్తులేవు, ఇంకొకరికి ఎందుకు? ఈ పని నాకు నేర్పిన మనుషులు కొందరున్నారు. వాళ్ళకు నేను బాకీ పడి ఉన్నాననే అనుకుంటాను. వాళ్ళ గురించి రాస్తాను.

ఇండ్లమ్మ

మా సంస్థ పద్ధతి చెప్పుకోవడానికి సులభమే. మద్రాసులోనో, సముద్రం అవతలో ఉండే ఒక దాత ఇక్కడి ఒక కుటుంబాన్ని ఎంచుకుంటాడు. ఆ కుటుంబం కాస్త కాళ్ళమీద నిలబడేదాకా నెలనెలా సాయం పంపుతాడు. ఆ సాయం ఎవరికి అవసరం, అందినది ఏమవుతోంది, ఇంకా ఎంతకాలం కావాలి, ఇవి చూసిరావడం నా పని. ఆఫీసులో నన్ను విజిటర్ అనేవాళ్ళు. వేంపల్లె చుట్టుపట్ల పల్లెల్లో ఆ మాట ఎవరికి నోరు తిరుగుతుంది? 'ఇండ్లమ్మ' అన్నారు, ఇండ్లకు వచ్చే అమ్మ అని. ఆ పేరే నాకు నచ్చింది, అదే నిలిచిపోయింది.

కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలకు ఒక్క మాట. ఇంటికి పోతే ముందు కూర్చోండి. నిలబడి ప్రశ్నలు వేసేది పోలీసులు. ఇచ్చిన మంచినీళ్ళు తాగండి. అవి ఉప్పగా ఉన్నా సరే, చెంబు మురికిగా ఉన్నా సరే. తాగాక కూడా మీరు మాట్లాడవద్దు, వాళ్ళనే మాట్లాడనివ్వండి. గంటసేపు కందికాయల గురించీ, అల్లుడి గురించీ చెప్పాక అప్పుడు అసలు సంగతి మెల్లగా బయటికి వస్తుంది. నాకు ఓపిక తక్కువ, మా అమ్మను అడిగితే చెప్పేది. కానీ ఆ పంచల్లో మాత్రం ఓపిక ఎక్కడి నుంచో వచ్చేది.

పంచల్లో అని ఎందుకన్నానంటే, నేను చర్చి వెనకవీధిలో పుట్టినదాన్ని. మా నాయన చర్చి బడిలో పంతులు. ఎంత చదువుకున్నా కొన్ని ఇండ్లలో నాకు పంచ దాకానే ప్రవేశం. కోపం రాలేదా అంటే, వచ్చేది. ఇంటికొచ్చి గిన్నెలమీద చూపించేదాన్ని. మళ్ళీ మరుసటిరోజు అదే పంచలో కూర్చునేదాన్ని. ఎందుకంటే నేను పోయింది ఆ ఇంటి పిల్లల కోసం.

సత్యానందం గారు

మా పెద్దాఫీసు కర్నూల్లో ఉండేది. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. సర్కారు కచేరీలే గుడారాల్లో నడుస్తుంటే మాబోటివాళ్ళకు మంచి ఇల్లు ఎవరిస్తారు? తుంగభద్రకు దగ్గర్లో నవాబుల కాలపు పాత మిద్దె దొరికింది. వానొస్తే లోపల కురిసేది, ఎండొస్తే లోపల కాలేది. కాపలా ఉండే ఖాసింసాబు పెద్ద కుండలో మజ్జిగ కలిపి వచ్చినవాళ్ళకల్లా పోసేవాడు. ఎండలో బస్సు దిగి వచ్చాక ఆ మజ్జిగ తాగితే ప్రాణం లేచివచ్చేది.

అక్కడ కార్యదర్శి సత్యానందం గారు. గుంటూరువైపు మనిషి. అబ్బ, ఏం కోపమండీ ఆయనది! వీధి మలుపులో ఉండగానే ఆయన గొంతు వినిపించేది. కానీ ఒకసారి చూసినది చచ్చినా కాదనడు, చూడనిది చచ్చినా అవుననడు. అలాంటి మనిషి కింద పనిచేయడం కష్టం. పనిచేశాక మాత్రం ఇంకెవరి కిందా భయం ఉండదు.

ఆయన ఎలాంటివాడో ఒక్క సంగతి చెబుతాను. ఒకసారి మద్రాసు నుంచి ఫొటోలు తీసేవాడు వచ్చాడు, దాతలకు పంపాలని. తల్లులు పొద్దున్నే పిల్లల తలలకు నూనెలు పెట్టి, నున్నగా దువ్వి, కుట్టించిన చొక్కాలు తొడిగి తెచ్చారు. ఆ పెద్దమనిషి ఒక పిల్లవాడి చొక్కా విప్పించి, జుట్టు చేత్తో చెరిపి, "ఇప్పుడు బాగుంది, ఏడుపుమొహం పెట్టు" అన్నాడు. లోపలినుంచి సత్యానందం గారు వచ్చారు. "నీ చొక్కా విప్పవయ్యా ముందు. నీకూ ఒక ఫొటో తీయిద్దాం" అన్నారు. ఆ మనిషి పెట్టె సర్దుకుని రైలుస్టేషను దారి పట్టాడు. ఆ పిల్లవాడి తల్లి మళ్ళీ తల దువ్వి చొక్కా తొడిగేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.

ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటుండేది. సాయం అందుకునే ప్రతి కుటుంబం నుంచీ ఏడాదికొకసారి ఒకరైనా పెద్దాఫీసుకు వచ్చి, అక్కడ విస్తరిలో భోంచేసి పోవాలి. "మన అన్నం తినేవాళ్ళ మొహం మనం చూడాలి, మన మొహం వాళ్ళూ చూడాలి" అనేవారు. మంచి పద్ధతే. ఆ మంచి పద్ధతే ఓబులమ్మ కొంప ముంచబోయింది.

ఓబులమ్మ ప్రయాణం

ఓబులమ్మది వేంపల్లెకు దగ్గర్లో ఒక పల్లె. మొగుడు గంగన్న. బావి ఎండిపోయి సేద్యం వదులుకుని ముగ్గురాయి గనికి పనికి పోయాడు. గనిలో బండ జారి కాలు నుజ్జయింది. మిషను ఆస్పత్రిలో పడుకోబెట్టారు, ఎముక అతకడానికి నెలలు పడుతుందన్నారు. ఇంట్లో ఓబులమ్మ, బడికి పోయే కూతురు రమణమ్మ, ఇంకా ఇద్దరు చిన్నవాళ్ళు. మా సాయంతోనే పొయ్యి వెలుగుతూ ఉండేది. ఆ సాయం ఆగితే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు. గంగన్న కాలు కుదరకముందే ఆస్పత్రి నుంచి వచ్చేస్తాడు, రమణమ్మ బడి మాని గనిలో రాళ్ళు ఏరుతుంది.

కర్నూలుకు పోవాల్సిన రోజు వచ్చింది. నేను బస్సు దగ్గర నిలబడి ఉన్నాను. ఓబులమ్మ వచ్చింది చూడండి! వంకాయరంగు ధర్మవరం పట్టుచీర, ఎర్రంచు. కాళ్ళకు వెండి కడియాలు. తలలో కనకాంబరాలు. మా వైపు మనిషిని కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మా సీమలో ఆడమనిషి పట్నం కచేరీకో, పెద్దవాళ్ళ ఇంటికో పోతే తనొక్కతే పోదు, వీధంతా పోయినట్టు. ఒకరు చీర ఇస్తారు, ఒకరు నగ ఇస్తారు, ఒకరు తల దువ్వి పూలు పెడతారు. చిరుగుచీరతో పంపిస్తే వీధికే నామర్దా. మా అమ్మ నన్ను బోర్డింగు బడిలో చేర్పించడానికి వచ్చినప్పుడు కట్టుకున్నది కూడా ఇంకొకామె చీరే.

దారంతా ఓబులమ్మ సీటుకు ఆనుకోలేదు. చీర నలుగుతుందని నిటారుగా కూర్చుంది. బస్సులో దుమ్ము లేచినప్పుడల్లా చీరమీద పాత తువ్వాలు కప్పుకుంది.

మరునాడు పెద్దాఫీసులో భోజనం. సత్యానందం గారే వరుసగా వడ్డిస్తూ వచ్చారు. ఓబులమ్మ ముందు ఆగి ఆ చీరను చూశారు, కడియాలను చూశారు. "ఏమ్మా, ఇంట్లో అంతా ఎలా ఉన్నారు?" అని అడిగారు.

"మీ దయ సామీ, అందరం బాగుండాం."

"తిండికి ఇబ్బందేమైనా ఉందా?"

"అయ్యో, ఏం తక్కువ లేదు సామీ. అంతా నిండుగా ఉండాది" అంది ఓబులమ్మ, తల వంచుకుని.

ఆయన ఇంకో గరిటెడు పప్పు వేసి ముందుకు పోయారు. భోజనాలయ్యాక నన్ను లోపలికి పిలిచారు.

"ఏవిటమ్మా శాంతమ్మా ఇది? పట్టుచీర, వెండి కడియాలు. ఏం తక్కువ లేదని ఆవిడే తన నోటితో చెబుతోంది. అక్కడ ఆత్మకూరువైపు కూడు లేని కుటుంబం ఒకటి మనకోసం కాచుకుని ఉంది. ఈవిడకు ఆపేసి వాళ్ళకిద్దాం."

"అయ్యా, ఆ చీర ఆమెది కాదండీ. అరువు తెచ్చుకున్నది."

"పట్టుచీర అరువా? ఎవరిస్తారమ్మా? మా వైపు పక్కింటికి చింతపండు ఇవ్వాలన్నా పదిసార్లు ఆలోచిస్తారు."

"మావైపు ఇస్తారండీ."

"నువ్వు చెబితే చాలదు, నాకు కనబడాలి. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. అందాకా ఆపను. ఈలోగా నమ్మించగలిగితే నమ్మించు."

ఆయన మాటలో అన్యాయం ఏముంది? ఆత్మకూరు కుటుంబం ఆకలి కూడా ఆకలే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పంచలోకి వచ్చి ఓబులమ్మను పక్కకు పిలిచాను. సాయం ఆగిపోతుందని చెప్పడానికి నోరు రాలేదు. "ఓబులమ్మా, ఆయనకు ఒక మాట చెప్పు. ఇంట్లో ఇబ్బందిగా ఉందనీ, ఈ చీర నీది కాదనీ" అన్నాను.

ఓబులమ్మ నా మొహంలోకి విడ్డూరంగా చూసింది. "యాడన్నా ఉండాదా అక్కా ఇది? ఆయప్ప తన చేత్తో అన్నం పెట్టె. ఆ అన్నం ముందర కూర్చోని మా ఇంట్ల గింజల్లేవని ఎట్ల చెప్తా? పెట్టినాయనకు ఆ పూట తిన్న బువ్వ వంటబడతాదా? ఇంగ చీర సంగతంటావా, లక్షుమ్మక్క నన్ను నమ్మి ఇచ్చింది. అది నాది కాదని నలుగుర్లో చెప్తే ఆమె ఇచ్చిందానికి అర్థమేముండాది?"

నేను మళ్ళీ అడగలేదు. ఆ రోజు ఆమె ఇంకో మాట కూడా అంది: "శానా మంచాయన అక్కా. రెండోతూరి పప్పు ఏసినాడు."

లక్షుమ్మ చెప్పిన ఉపాయం

ఊరికి వచ్చాక ఓబులమ్మ తన ఇంట్లోకి కూడా పోలేదు. నేరుగా అదే వీధిలో ఉండే మస్తాన్‌బీ ఇంటికి పోయి కడియాలు విప్పి, చెంగుతో తుడిచి ఇచ్చింది. తరువాత లక్షుమ్మ ఇంటికి పోయి, పెరట్లో తన పాతచీర కట్టుకుని వచ్చి, పట్టుచీర మడతపెట్టి చేతికిచ్చింది. లక్షుమ్మ ఒక మోస్తరు రైతు ఇంటి ఇల్లాలు. ఆ చీర ఆమె పెండ్లిచీర.

"మన పేరు నిలబెట్టినావా మే?" అని అడిగింది లక్షుమ్మ.

"నిలబెట్టినా అక్కా" అంది ఓబులమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఓబులమ్మ తన ఇంటికి పోయాక, పంచలో కూర్చుని లక్షుమ్మకు జరిగినదంతా చెప్పాను. ఆమె నడుంమీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది. "ఏందీ? చీర బాగుండాదని కూడు ఆపుతాడా? ఆయప్పకు తలకాయుండాదా? మాసిన గుడ్డతో పోయింటే ఇంగో రోంత ఎక్కువిచ్చేటోడా ఏంది?"

"ఆయన చెడ్డాయన కాదు లక్షుమ్మా. కంటితో చూడనిది నమ్మడు, అంతే."

"చూడల్లంటే చూపిద్దాం!" అని లోపలికి పోయింది. అప్పుడే పెట్టెలో పెట్టిన చీరను మళ్ళీ తీసుకువచ్చింది. "నువ్వు మళ్ళా పోవల్ల గదా ఆపీసుకు? ఇదే కట్టుకోని పో. మస్తాన్‌బీతో నేను చెప్తా, కడియాలు కూడా ఇస్తాది. నీకు పట్టుచీర లేదని ఆయప్పకు తెలుసు గదా? తెల్లచీర తప్ప ఇంగోటి కట్టింది ఈ ఊళ్ళో మేమే చూడల్యా."

నేను చేతులు వెనక్కు పెట్టుకున్నాను. నేనెవరి బిడ్డనో ఆమెకు తెలుసు. నేను ఆమె గడప ఎన్నడూ దాటలేదు. ఆ చీర నేను కట్టుకుంటే ఆ ఇంట్లో ఆమె అత్త ఏమంటుందో, ఊరేమంటుందో నాకూ తెలుసు.

"నీ పెండ్లిచీర లక్షుమ్మా. నేను కట్టుకుంటే..." అన్నాను.

"కట్టుకుంటే ఏమి, కరిగిపోతాదా? పట్టుకో. నీకు ఇంగా బతిమాలి ఇయ్యాల్నా?" అని చీరను నా ఒళ్ళో పెట్టింది. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని మరీ పెట్టింది. ఆ క్షణం ఇప్పటికీ తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి. ఈ ఉద్యోగంలో నేను అందుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే మొదట అదే చెబుతాను.

కమిటీ రోజు

ఖాసింసాబు గేటు దగ్గరే నవ్వాడు. "ఏమమ్మా, పెండ్లికి పోతా పోతా ఇట్ల వచ్చినావా?" అన్నాడు. మజ్జిగ ఇచ్చాడు కానీ, చీరమీద ఒలుకుతుందని భయపడి నేను తాగలేదు.

కమిటీ పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. సత్యానందం గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "ఏవిటమ్మాయ్, ఇవాళ విశేషం? సంబంధం కుదిరిందా?"

కడియాలు చప్పుడవుతాయని కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాను.

"లేదండీ. ఈ చీర మీకు గుర్తుందా?"

ఆయన మళ్ళీ చూశారు. "ఆ వేంపల్లె ఆవిడది."

"అదేనండీ. కడియాలు కూడా అవే. నా జీతం ఎంతో మీకు తెలుసు, ఇచ్చేది మీరే. ఇవాళ ఈ చీర చూసి, శాంతమ్మకు ఏం తక్కువ లేదని నన్ను కూడా తీసేస్తారాండీ?"

ఇక అయిపోయింది, ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. సత్యానందం గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఎవరిదమ్మా ఇది?"

"లక్షుమ్మ అనే రైతు ఇల్లాలిదండీ. ఆమె పెండ్లిచీర. కడియాలు మస్తాన్‌బీవి. పెద్దవాళ్ళ ఎదుటికి పోతున్నానని నాకిచ్చారు. ఓబులమ్మకూ అలాగే ఇచ్చారు."

"నీకిచ్చిందా? పెళ్ళిచీర?" అన్నారాయన. మా సంగతులు ఆయనకు తెలియనివి కావు.

"నాకేనండీ."

ఆయన గొంతు తగ్గించి, "మరి ఏం తక్కువ లేదని ఎందుకందమ్మా ఆవిడ?" అని అడిగారు.

"మీరు వడ్డించిన విస్తరి ముందు కూర్చుని లేదని చెప్పడం మావైపు తప్పండీ. మీరు తిన్నది మీకు సహించదని అలా చెప్పింది."

ఆయన కమిటీవాళ్ళ వైపు తిరిగి, "ఈ విషయం నేను చూసి వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు. ఆ వారంలోనే నాతో బయల్దేరారు, మామూలు బస్సులో, అందరి మధ్యా నిలబడి.

ఆయన చూసినది

ముందుగా కబురు చేయకుండా పోయాం. గుమ్మంలో ఆయన్ను చూడగానే ఓబులమ్మ కంగారుపడిపోయింది. రాళ్ళగోడ మీదుగా పక్కింటికి ఏదో సైగ చేసింది. అంతే! గోడమీదినుంచి ఒక నులకమంచం దిగింది. మస్తాన్‌బీ ఇంటినుంచి కంచులోటా వచ్చింది. లక్షుమ్మ బెల్లంముక్క తెచ్చి తలుపుచాటున ఓబులమ్మ చేతిలో పెట్టింది. ఇవన్నీ ఆయన కళ్ళముందే జరిగాయి, ఆయనకు కనపడలేదనే వాళ్ళందరూ అనుకున్నారు. ఆ ఇంట్లో ఓబులమ్మది అన్నది ఏమైనా ఉంటే అది పొయ్యి, అన్నం వండే ఒక మట్టిసట్టి, ఆమె మీదున్న అతుకుల చీర. సట్టి బోర్లించి ఉంది.

ఆయన మంచంమీద కూర్చోలేదు. కింద చాపమీద కూర్చుని బెల్లం తిన్నారు, నీళ్ళు తాగారు. "అంతా కులాసాయేనా అమ్మా?" అని అడిగారు.

"మీ దయ సామీ, ఏం తక్కువ లేదు" అంది ఓబులమ్మ.

"అవునమ్మా, కనబడుతూనే ఉంది" అన్నారాయన.

బయటికొచ్చాక వీధి మధ్యలో ఆగి అటూ ఇటూ చూశారు. "శాంతమ్మా, మనకంటే ముందే ఇక్కడో సంస్థ నడుస్తోందమ్మా. మనం వచ్చి అందులో చేరాం, అంతే" అన్నారు. సాయం ఆగలేదు. ఆత్మకూరు కుటుంబానికి వేరే దాతను వెతకమని మద్రాసును నిద్రపోనివ్వకుండా పీడించి, వాళ్ళకూ ఇప్పించారు. పెద్దాఫీసు భోజనం పద్ధతి ఆయన మానలేదు. కానీ ఆ రోజు ఎవరు ఏ బట్ట కట్టుకొచ్చినా, ఏం చెప్పినా, దాన్నిబట్టి ఏదీ నిర్ణయించకూడదన్నారు. నిర్ణయం ఇంటికి పోయి చూశాకే. తను అన్నమాట తప్పని కమిటీ ఎదుట తానే చెప్పారు. తరువాత నేను చూసిన పై అధికారుల్లో అంత ధైర్యం ఉన్నవాళ్ళు తక్కువ.

గంగన్న కాలు కుదిరాక, కుంటుతూనే అయినా, నడిచి ఇంటికొచ్చాడు. రమణమ్మ బడి మానలేదు. తరువాత నర్సు చదువు చదివి, వాళ్ళ నాయన పడుకున్న ఆస్పత్రిలోనే చేరింది.

ఆ రోజు సత్యానందం గారిని బస్సెక్కించాక, చీర తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు పంచలో ఆగబోయాను. "ఆడ నిలబడితే పెట్టెలో ఎవురు పెడతారు? రా లోపలికి" అంది లక్షుమ్మ. వాళ్ళ అత్త మొహం తిప్పుకుంది. లక్షుమ్మ పట్టించుకోలేదు. చీర మడత తనే విప్పి చూసి, మళ్ళీ మడిచి, "మన పేరు నిలబెట్టినావా?" అని నన్నూ అడిగింది. తలూపాను.

వీడ్కోలు

చాలా ఏండ్ల తరువాత నేను పని విరమించేటప్పుడు, పెద్దాఫీసులో చిన్న సభ పెట్టి రమ్మన్నారు. అప్పటికి సత్యానందం గారూ లేరు, లక్షుమ్మా లేదు. తెల్లచీర కట్టుకుని వేంపల్లెలో బస్సు కోసం నిలబడ్డాను. ఓబులమ్మ వచ్చింది, జుట్టంతా నెరిసిపోయింది, చంకలో గుడ్డసంచి.

"ఆ చీరతో పోతాండావా అక్కా? బాగుండాది సంబడం! మన వీధికి నామర్దా కాదా?" అని సంచిలోంచి పట్టుచీర తీసింది. ఆకుపచ్చది, ధర్మవరందే. "మా రమణమ్మ తన జీతంతో నాకు తెచ్చింది. ఇంగా మడత ఇప్పల్యా నేను. ముందు నువ్వు కట్టుకోని పో."

"నువ్వు కట్టుకోకుండానా?"

"లక్షుమ్మక్క ఉంటే ఆమే ఇచ్చింటాది. ఆమె లేదు గదా, ఇప్పుడు ఇచ్చేది నేనే. నీకేమి ఊరికే ఇయ్యల్యా, మళ్ళా తెచ్చియ్యాల."

ఆ పక్కనే తెలిసినవాళ్ళ ఇంట్లోకి పోయి కట్టుకున్నాను. కర్నూల్లో నాకు దండ వేశారు, నా గురించి ఏవేవో మాట్లాడారు. ఒక్క మాటా గుర్తులేదు. దండలోని నీళ్ళు చీరమీద కారకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. దారంతా సీటుకు ఆనుకోకుండా వచ్చి, ఇంటికైనా పోకుండా నేరుగా ఓబులమ్మ దగ్గరికి పోయి చీర తిరిగి ఇచ్చాను.

ఓబులమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని అంచూ కొంగూ చూసుకుంది. తరువాత నా మొహంలోకి చూసి అడిగింది.

"మన పేరు నిలబెట్టినావా అక్కా?"

"నిలబెట్టినా ఓబులమ్మా" అన్నాను.